ముందు ఒక నోటుపుస్తకం కొనండి: మన సరిహద్దు ఊళ్లలో షుగర్‌తో బతకడం ఎలా

మా ఇంట్లో షుగర్ కాగితాలు ఒక సంచి నిండా ఉండేవి. పర్లాకిమిడి పెద్దాసుపత్రి చీటీలు కొన్ని, పాతపట్నంలో చూపించుకున్నవి కొన్ని, శ్రీకాకుళంవి రెండు, బరంపురం వెళ్లినప్పటివి ఒక కట్ట. పొద్దున ఒడిశాలో, సాయంత్రం ఆంధ్రలో చూపించుకోగలిగే జనం మనం. అది అదృష్టం అనుకునేవాణ్ణి, దానివల్లే ఒకసారి పోయేంత పనయ్యే దాకా.

ఏమైందంటే, ఒక డాక్టరు గారు ఓ షుగర్ మాత్ర రాశారు. రెండు నెలలకి సరిహద్దు దాటి ఇంకొకాయన దగ్గరికి వెళ్తే, ఆయన వేరే పేరున్న మాత్ర రాశారు. పాత చీటీ నేను పట్టుకెళ్లలేదు, ఆయనా అడగలేదు. రెండు అట్టల మీదా పెద్దక్షరాల్లో పేర్లు వేరు. కింద చీమతలకాయంత అక్షరాల్లో రెండింటి మీదా ఉన్నది ఒకటే, గ్లిమెపిరైడ్. నాకేం తెలుసు, రెండూ వేసుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం కొట్లో కూర్చుని ఉండగా చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. ఎదురుగా ఉన్నాయన బేరమాడుతున్నాడు, మాట వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు. మా బావమరిది వేలికి సూది గుచ్చి చూస్తే 48. పంచదార నీళ్లు తాగించాడు, లేచి కూర్చున్నాను.

ఆ సాయంత్రమే వంద పేజీల నోటుపుస్తకం కొన్నాను. మీరూ అక్కణ్ణించే మొదలుపెట్టండి.

1. పుస్తకంలో ఏం రాయాలి

మొదటి పేజీలో మీరు వాడే ప్రతి మందూ రాయండి. కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా. చదవడం కష్టమైతే మందుల షాపులో అబ్బాయిని రాసిపెట్టమనండి, రాస్తాడు. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర, మోకాళ్లకి వాడేది, అన్నీ ఆ పేజీలోనే. మందు మారినప్పుడు పాతదాన్ని కొట్టేసి తేదీ వెయ్యండి.

మిగతా పేజీల్లో నాలుగు గళ్లు చాలు: తేదీ, ఏం తిన్నారు, తిండికి ముందు ఎంత, రెండు గంటల తర్వాత ఎంత. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ రాష్ట్రంలో చూపించుకున్నా, ముందు ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి. "ఇదివరకు ఏం వాడారు?" అంటే "తెల్లది, పొడుగ్గా ఉంటుందండి" అని నేను చెప్పినట్టు చెప్పకండి. షుగర్‌కిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర అలాగే ఉంటుంది, ఇంకో యాభై మాత్రలూ అలాగే ఉంటాయి.

2. మీటరుతో మీ కంచాన్ని పరీక్షించండి

గ్లూకోమీటరు కొన్నవాళ్లలో చాలామంది పొద్దున్నే పరగడుపున చూసుకుని, 120 ఉంటే మురిసిపోయి, 150 ఉంటే బెంగపెట్టుకుని డబ్బాలో పెట్టేస్తారు. అది సగం లెక్కే. స్ట్రిప్పుల ఖర్చు తక్కువేం కాదు కాబట్టి జంటగా వాడండి. ఒక పూట తినబోయే ముందు ఒకటి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకి ఒకటి. వారానికి అలాంటి జంటలు రెండు చాలు, ఒకసారి టిఫిను, ఒకసారి రాత్రి భోజనం. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టరు చెప్పినన్నిసార్లు చూసుకోవాలి.

మామూలుగా పెద్దవాళ్లకి తిండికి ముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు ఉంటే బాగున్నట్టు. బాగా వయసు పైబడినవాళ్లకి, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకి డాక్టర్లు ఈ గీతను కాస్త సడలిస్తారు. గర్భిణులకి ఇంకా బిగిస్తారు.

గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. మామిడిపండు కోసిన చేత్తో గుచ్చుకుంటే మీటరు ఒంట్లో ఉన్నదానితో పాటు వేలి మీద ఉన్న రసాన్నీ లెక్కపెడుతుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చండి, అక్కడ నొప్పి తక్కువ.

3. పఖాళ మానక్కర్లేదు, కొలత మార్చాలి

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. మనవైపు షుగర్ కథంతా ఈ గిన్నెలోనే ఉంది.

వేసవి వచ్చిందంటే పఖాళ లేని ఇల్లు ఉండదు. తెలుగిళ్లలో చద్దన్నం అన్నా, తరవాణి అన్నా, పక్కింటి ఒడియావాళ్లతో కలిసి పఖాళ అన్నా గిన్నె ఒకటే. "చద్దన్నం చలవ, షుగర్ పెంచదు" అని మా అమ్మ నమ్మకం. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం తొందరగా అరగకుండా మారే మాట నిజమే. కానీ ఆ మేలు కొంచెమే, మనం పెట్టుకునే రాశి పెద్దది.

నా పుస్తకంలో ఒక జంట చూడండి. పెద్ద గిన్నెడు పఖాళ, నంజుకోవడానికి ఆలూ భర్తా, ఉల్లిపాయ. తినకముందు 118, తిన్నాక 246. అన్నం మీద అన్నం, దాని పక్కన దుంప! వారం తర్వాత అదే గిన్నెలో అన్నం సగానికి తగ్గించి నీళ్లు అలాగే ఉంచాను, మజ్జిగ కలిపాను. పక్కన తోటకూర వేపుడు రెండు గరిటెలు, వేయించిన నెత్తళ్లు, బడి చూరా (నలిపిన మినప వడియాలు). ముందు కూర, చేప తిని, తర్వాత అన్నం మొదలుపెట్టాను. తినకముందు 121, తిన్నాక 168. ఇల్లు అదే, మాత్ర అదే. మీ ఒంట్లో ఈ అంకెలే రావాలని లేదు, అందుకే మీరే కొలిచి చూడమనేది.

మిగతా పూటలకి కూడా ఇదే పద్ధతి. కంచంలో సగం కూరలు: బెండ, బీర, కాకర, ములగాకు, ఏదైనా ఆకుకూర. పావు భాగం పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులో అన్నమో రొట్టో. బంగాళాదుంప, చేమదుంప, కంద మనకి కూరలే గానీ షుగర్ లెక్కలో అవి అన్నం వైపు. దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) చేసేటప్పుడు ఆలూ, అరటికాయ తగ్గించి బొప్పాయికాయ, వంకాయ, ములక్కాడ పెంచితే అంతకన్నా మంచి కూర లేదు.

చోడి (రాగి) అంబలి సంగతి. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొదటి విడతలోనే ఉన్నాయి. అప్పణ్ణించి మాండియా పేరు మోగిపోతోంది, ఒడియాలో చోళ్లని అలాగే అంటారు. చోళ్లు మంచివే, పీచు ఉంటుంది, కాల్షియం దండిగా ఉంటుంది. కానీ వాటిలోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తగా విసిరిన పిండిని పల్చగా కాచి, చెంబుడు తాగి, "రాగులే కదా" అనుకుంటే మీటరు ఊరుకోదు. బెల్లం వేసిన జావైతే మరీను. రొట్టె చేసుకోండి, లేదా చిన్న ముద్ద సంకటి పప్పుతోనూ ఆకుకూరతోనూ తినండి. అంబలే కావాలంటే ఒక గ్లాసు, మజ్జిగతో, అన్నానికి బదులుగా. అన్నంతో పాటు కాదు.

సాయంత్రం మురీ (మరమరాల) మిక్చరు తేలిగ్గా ఉంటుంది కాబట్టి మంచిదనుకుంటాం. మురీలు, అటుకులు షుగర్‌ని చప్పున పైకి తీసుకెళ్లేవాటిలో ముందు వరసలో ఉంటాయి. గుప్పెడు మురీలకి రెండు గుప్పిళ్లు ఉడికించిన శనగలు, ఉల్లి, టమాటా, నిమ్మరసం కలుపుకుంటే ఆ గండం గడుస్తుంది. పండ్లలో జామ, నేరేడు, చిన్న బొప్పాయి ముక్క ఫర్వాలేదు. మామిడి, పనస రెండు మూడు ముక్కలు, అదీ భోజనం కాగానే కాకుండా విడిగా. పండ్ల రసాలు మాత్రం వద్దు.

టీలో చక్కెర మానేసి బెల్లం వేసుకునేవాళ్లకి ఒక్క మాట: మీటరుకి రెండూ ఒకటే.

4. మందులు, ఆకుపసర్లు

ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు. జిల్లా ఆసుపత్రిలో బీపీ, షుగర్ లాంటి వాటికి ఎన్‌సీడీ క్లినిక్ విడిగా ఉంటుంది. ఇంట్లో 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఒకసారి అక్కడ షుగర్, బీపీ చూపించేయండి. మీకు ఉందంటే మీ తమ్ముళ్లకీ, పిల్లలకీ వచ్చే అవకాశం ఎక్కువ. బయట కొనేవాళ్లు జన ఔషధి దుకాణంలో అడగండి, అదే మందు చాలా తక్కువకి వస్తుంది.

మెట్‌ఫార్మిన్ తిండితో పాటు గానీ, తిన్న వెంటనే గానీ వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గవచ్చు, అరికాళ్ల తిమ్మిర్లు దానివల్ల కూడా వస్తాయి, ఒకసారి పరీక్ష చేయించమని అడగండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వేసుకుని తినడం మానకూడదు. మాత్ర వేసుకున్నారంటే కంచం ముందు కూర్చోవాల్సిందే.

సంతలో నేరేడు గింజల పొడి, తిప్పతీగ, పేరు చెప్పని ఆకుపసరు అమ్ముతుంటారు. కాకరకాయ కూరగా తినండి, ఎవరొద్దన్నారు? మాత్ర ఆపేసి పొడి మీద ఆధారపడటం వద్దు. పేరు లేని పొడుల్లో కొన్నిసార్లు ఇంగ్లిషు మందే కలిపి ఉంటుంది, ఎంత కలిపారో అమ్మేవాడికీ తెలియదు. దీనికన్నా నాకు భయం మోకాళ్ల నొప్పికి ఊళ్లో పొడిచే సూది. అందులో స్టెరాయిడ్ ఉంటే నొప్పి మాయమవుతుంది, షుగర్ మూడు నాలుగు వందలకి ఎగబాకుతుంది. "షుగర్ ఉంది, అందులో ఏం మందు ఉందో పుస్తకంలో రాయండి" అని అడగండి. రాయనంటే పొడిపించుకోకండి.

ఇన్సులిన్ వాడని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడుతున్న సీసా బయట నీడపట్టున సుమారు నాలుగు వారాలు ఉంటుంది, తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి. ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాని ప్లాస్టిక్ డబ్బాలో వేసి అందులో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. ఎండాకాలంలో కూడా అది కొంత చల్లగా ఉంచుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదికొచ్చినప్పుడు రోడ్లు లేవు, కరెంటు లేదు. ఆ అనుభవంతో దసరా లోపే పదిహేను రోజుల మందులు అదనంగా కొని నీళ్లు చొరని డబ్బాలో పెడతాను.

5. షుగర్ పడిపోతే

చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు, మాట తడబడటం. వీటిలో రెండు కనిపిస్తే మీటరు పెట్టండి. 70 కన్నా తక్కువుంటే, లేదా మీటరు దగ్గర లేకపోతే, ఆలోచించకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. సర్దుకున్నాక ఏదైనా తినండి. చాక్లెట్, లడ్డూ ఇందుకు పనికిరావు, వాటిలోని కొవ్వు తీపిని తొందరగా ఒంటికి పట్టనివ్వదు.

మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఈ ముక్క ఇంట్లోవాళ్లకి తెలియాలి, మీకు కాదు. ఆ టైంలో మీరు చెప్పే స్థితిలో ఉండరు.

కల్లు, సారా సంగతి దాచుకోవడం ఎందుకు. ఖాళీ కడుపుతో తాగి, షుగర్ మాత్ర వేసుకుని పడుకుంటే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. చెమట, తడబాటు చూసి ఇంట్లోవాళ్లు తాగిన మత్తే అనుకుంటారు.

6. చింతపిక్క కథ, పాదాల పని

మా చిన్నాన్న ఒకరోజు రాత్రి చెప్పులు విప్పితే కుడి అరికాలికి చింతపిక్క అతుక్కుని ఉంది. పొద్దున బజారుకి వెళ్లినప్పుడు చెప్పులోకి దూరి ఉంటుంది. రోజంతా దానిమీదే నడిచాడు, తెలియలేదు. పిక్క తీస్తే కింద రూపాయి బిళ్లంత మేర తోలు తెల్లబడి ఉబ్బి ఉంది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మానింది, అది మా అదృష్టం. పదేళ్లుగా షుగర్ ఉండి స్పర్శ పోయిన కాలికి నొప్పి అనే కాపలా ఉండదు, ఆ కాపలా మనమే కాయాలి.

రోజూ రాత్రి చేయాల్సింది ఇది. గోరువెచ్చని నీళ్లతో కడగండి, వేడి చూడటానికి ముందు మోచెయ్యి పెట్టండి, కాలు పెట్టకండి. వేళ్ల సందులు పొడిగా తుడవండి. అద్దం నేలమీద పెట్టి అరికాళ్లు చూసుకోండి, కళ్లు ఆనకపోతే మనవణ్ణి చూడమనండి. కొబ్బరినూనె పైనా కిందా రాయండి, వేళ్ల సందుల్లో వద్దు. గోళ్లు తిన్నగా కత్తిరించండి. ఆనెకాయలు బ్లేడుతో కోయకండి. చెప్పులు వేసుకునే ముందు తలకిందులుగా దులపండి. చిన్న పుండు, ఎరుపు, వాపు ఏది కనిపించినా రెండో రోజుకి ఆసుపత్రిలో ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో గుడి చుట్టూ ఉత్త కాళ్లతో ప్రదక్షిణలు చేసేవాళ్లు తెల్లవారకముందే కానివ్వండి. కాలిన బండలు తెలియకుండానే బొబ్బలెక్కిస్తాయి.

7. నడక

వారానికి 150 నిమిషాలు అంటారు, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. ఒక్కసారిగా కుదరకపోతే ప్రతి భోజనం తర్వాతా పది, పదిహేను నిమిషాలు నడవండి, తిన్నాక ఎగిరే షుగర్ దానికి బాగా దిగుతుంది.

8. ఏడాదికోసారి, మూణ్ణెల్లకోసారి

"మూడు నెలల షుగర్" అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 లోపు ఉండాలి. మూడు నెలలకి ఒకసారి, బాగా అదుపులో ఉంటే ఆరు నెలలకి ఒకసారి చేయిస్తే చాలు. మనవైపు ఇందులో ఒక మెలిక ఉంది. ఒడిశాలోని ఈ కొండ జిల్లాల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఎక్కువ. ఆ జబ్బు ఉన్నా, రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ఆ పరీక్ష తప్పు చూపించవచ్చు. మీటరులో రోజూ 220 వస్తుంటే రిపోర్టులో 5.8 వచ్చిందని సంబరపడకండి. మీ పుస్తకం డాక్టరుకి చూపించి, నమ్మాల్సింది దేన్నో అడగండి.

ఏడాదికోసారి కళ్లలో చుక్కలు వేసి లోపలి పొర చూపించుకోండి. చూపు బాగానే ఉందిగా అనకండి, చూపు మందగించేటప్పటికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. కిడ్నీల కోసం మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, వాటితో పాటు కొలెస్ట్రాల్ కూడా ఏడాదికోసారి. బీపీ వెళ్లిన ప్రతిసారీ, మామూలుగా 130/80 లోపు ఉండాలి. చుట్ట, బీడీ, ఖైనీ వాడేవాళ్లు కాళ్ల రక్తనాళాల్ని తలుచుకుని మానేయాలి, ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

9. జ్వరం, ఉపవాసం, పండగ

జ్వరం వస్తే తినకపోయినా షుగర్ పెరగవచ్చు. ఇన్సులిన్ సొంతంగా ఆపకండి. నాలుగు గంటలకోసారి చూసుకోండి, నీళ్లు బాగా తాగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు తాత్కాలికంగా ఆపాలా అని ఆ రోజే డాక్టర్ని అడగండి. చలిజ్వరమైతే మలేరియా పరీక్ష తప్పదు. మలేరియాలోనూ, దానికిచ్చే క్వినైన్ వల్లా షుగర్ బాగా పడిపోవచ్చు, షుగర్ ఉన్న సంగతి అక్కడ ముందే చెప్పండి.

కార్తీకం వస్తే రోజంతా ఉపవాసం, రాత్రికి ఒకేసారి దండిగా భోజనం. ఉండాలనుకుంటే పది రోజుల ముందే పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, మాత్రల వేళ మార్చి ఇస్తారు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు వద్దు. అరిసెలు, పోడపిఠా (ఒడియావాళ్ల కాల్చిన పిండివంట) తినకుండా ఉండమని నేను చెప్పను, నేను ఉండలేను కాబట్టి. ఒక్కటి తినండి, ఆ పూట అన్నం మానండి, పావుగంట నడవండి, రెండు గంటలకి కొలిచి పుస్తకంలో రాయండి.

10. చివరి పేజీ

పుస్తకం చివరి అట్ట లోపల మా పక్కింటి ఒడియా మాస్టారి చేత నాలుగు లైన్లు రాయించుకున్నాను, కింద అవే తెలుగులో నేను రాసుకున్నాను: "నాకు షుగర్ ఉంది. నేను తూలుతూ కనిపిస్తే తాగాననుకోకండి. స్పృహలో ఉంటే పంచదార నీళ్లు ఇవ్వండి. స్పృహ లేకపోతే ఏమీ పోయకుండా 108కి చెప్పి ఈ నంబరుకి ఫోన్ చేయండి." కింద మా అబ్బాయి నంబరు. ఆ పేజీని జిరాక్సు తీసి, మడిచి, జేబులో పెట్టుకుంటాను. గుణుపురం రైలెక్కినా, పలాస బస్సెక్కినా అది చొక్కా పైజేబులో ఉంటుంది, దానితో పాటు చిన్న పొట్లంలో మూడు చెంచాల పంచదార.